మాయలూ మంత్రాలూ ఉన్న పుస్తకానికి న్యూబెరీ మెడల్ ఎందుకిచ్చారు? మా పాప చదవొచ్చా?

మీరు అడిగింది టూకీగా ఇదీ. అమ్మాయికి పదకొండేళ్ళు, ఆరో తరగతి. స్కూల్ లైబ్రరీ నుంచి కెల్లీ బార్న్‌హిల్ రాసిన ‘ది గర్ల్ హూ డ్రాంక్ ద మూన్’ తెచ్చుకుంది. అట్ట మీద గుండ్రటి బంగారు రంగు ముద్ర ఉంది. మీవారు నాలుగు పేజీలు తిరగేసి, ఊరివాళ్ళు ఏటా ఒక పసిబిడ్డను అడవిలో మంత్రగత్తె కోసం వదిలేసి వస్తారన్న చోట ఆగిపోయారు. ఇలాంటిదానికి అంత పెద్ద అవార్డు ఎవరిచ్చారు, ఇందులో పిల్లలు నేర్చుకునేది ఏముంది అన్నారు. హ్యారీ పాటర్‌కే రానిది దీనికెలా వచ్చిందని మీ అనుమానం. చదవనివ్వాలా వద్దా అన్నది అసలు టెన్షన్.

నేను అమెరికాలో ఒక పబ్లిక్ లైబ్రరీ పిల్లల విభాగంలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఆ బంగారు ముద్ర చూపించి ‘ఇది మంచి పుస్తకమేనా’ అని అడగని వారం ఉండదు. మీకు నా జవాబు: చదవనివ్వండి. వీలైతే మీరూ, మీవారూ కూడా చదవండి. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ ముద్ర ఎలా పడుతుందో కొంచెం తెలియాలి.

న్యూబెరీ మెడల్ ఇచ్చేది అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లో పిల్లల లైబ్రేరియన్ల విభాగం. 18వ శతాబ్దంలో లండన్‌లో పిల్లల పుస్తకాలు అచ్చువేసి అమ్మిన జాన్ న్యూబెరీ పేరు పెట్టారు. 1921లో ఫ్రెడరిక్ మెల్చర్ అనే ఆయన ప్రతిపాదిస్తే, 1922 నుంచి ఏటా ఇస్తున్నారు. ఇచ్చేది కంచు పతకం, అంతే, నగదు ఏమీ ఉండదు. కానీ ఆ ముద్ర పడిందంటే దేశంలో ప్రతి లైబ్రరీ, ప్రతి స్కూలు ఆ పుస్తకం కొంటాయి, దశాబ్దాల తరబడి అచ్చులో ఉంటుంది. జనవరిలో ప్రకటించిన రోజు మధ్యాహ్నానికే మా దగ్గర ఆ పుస్తకం కోసం హోల్డ్స్ లిస్టు, అంటే ముందుగా పేరు రాయించుకునేవాళ్ళ జాబితా, బారెడు పెరిగిపోతుంది.

హ్యారీ పాటర్ సంగతి తేలిగ్గా తేలిపోతుంది. రచయిత అమెరికా పౌరులైనా అయ్యుండాలి, అక్కడ నివాసం ఉండేవారైనా అయ్యుండాలి అని న్యూబెరీ నియమం. రౌలింగ్ బ్రిటన్ మనిషి కాబట్టి ఆ పుస్తకాలు అసలు పరిశీలనకే రావు. బ్రిటన్‌లో పిల్లల పుస్తకాలకు 1936లో మొదలైన కార్నెగీ మెడల్ ఉంది. అది కూడా హ్యారీ పాటర్‌కు రాలేదు. కానీ ఫాంటసీ, అదే మాయల కథ, అంటే కార్నెగీవాళ్ళకు పడదని కాదు, ఫిలిప్ పుల్‌మన్ ‘నార్తర్న్ లైట్స్’కు 1995 మెడల్ ఇచ్చింది వాళ్ళే.

ఇక మీవారు అడిగింది. ‘నేర్చుకునేది ఏముంది?’ న్యూబెరీ నియమాల్లోనే స్పష్టంగా రాసి ఉంది, ఈ అవార్డు నీతిబోధకు కాదు, జనాదరణకూ కాదు అని. ఆ ఏడాది అమెరికాలో 14 ఏళ్ళ వయసు వరకు పిల్లల కోసం వచ్చిన పుస్తకాల్లో సాహిత్యంగా అన్నిటికన్నా మిన్న అయినదానికి ఇస్తారు. ఇతివృత్తం, కథ నడక, పాత్రలు, కథ జరిగే చోటు, శైలి, ఇలాంటివి చూస్తారు. రచయిత ఇంతకు ముందు ఎంత గొప్పవి రాశారన్నది ఆ గదిలో ఎత్తకూడదు. ఈ పుస్తకం, ఈ ఏడాది, అంతే.

కమిటీలో 15 మంది. చాలామంది లైబ్రేరియన్లే, కొందరు టీచర్లు, సమీక్షకులు కూడా ఉంటారు. ఏడాదంతా వందలకొద్దీ పుస్తకాలు చదివి, చివర్లో ఒక గదిలో తలుపులు వేసుకుని కూర్చుంటారు. లోపల ఎవరు ఏమన్నారో బయటికి పొక్కదు. ఓటు వేసే పద్ధతి మాత్రం అందరికీ తెలిసిందే, నాకు ఇందులో అన్నిటికన్నా ఆసక్తిగా ఉండేది కూడా అదే. ఒక్కొక్కరు మూడు పుస్తకాలు రాయాలి. మొదటిదానికి 4 పాయింట్లు, రెండోదానికి 3, మూడోదానికి 2. గెలవాలంటే కనీసం ఎనిమిది మంది ఆ పుస్తకాన్ని మొదటి స్థానంలో పెట్టి ఉండాలి. అది చాలదు, రెండో స్థానంలో ఉన్న పుస్తకం కన్నా కనీసం 8 పాయింట్లు ముందుండాలి. అలా తేలకపోతే మళ్ళీ చర్చ, మళ్ళీ ఓటు.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. ఐదుగురు ప్రాణం పెట్టి, పది మంది మొహం చిట్లించే పుస్తకం గెలవదు. పదిహేను మందిలో ఫాంటసీ అంటే చెవికోసుకునేవాళ్ళు నలుగురో ఐదుగురో ఉంటారేమో. మిగతావాళ్ళలో చరిత్ర ఇష్టపడేవాళ్ళు, కవిత్వం ఇష్టపడేవాళ్ళు, డ్రాగన్ కనబడితే పుస్తకం మూసేసేవాళ్ళు ఉంటారు. ఫాంటసీ గెలిచిందంటే ఆ మూసేసేవాళ్ళలో కూడా కొందరిని చివరిదాకా చదివించి, ఒప్పించి ఉండాలి. మాయ ఉన్నా సరే గెలిచిందని మీవారు అనుకుంటున్నారు. మాయను అంత పకడ్బందీగా వాడుకుంది కాబట్టే గెలిచిందని నేనంటాను.

మా లైబ్రరీల్లో పిల్లలతో ఉత్తుత్తి న్యూబెరీ నడుపుతాం. మాక్ న్యూబెరీ అంటారు. అవే నియమాలు, అవే పాయింట్లు. అందులో పిల్లలకు పెట్టే ఒకే ఒక షరతు, ‘నాకు నచ్చింది’, ‘బోర్ కొట్టింది’ అనకూడదు, ఏ పేజీలో ఏం జరిగిందో చూపించి మాట్లాడాలి. ఈ పుస్తకం గురించి మాట్లాడుతున్నప్పుడు ఒక అబ్బాయి, మీ పాప ఈడువాడే, అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది. “ఊరిపెద్దలు అబద్ధం చెప్పారు. కానీ ఆ అబద్ధం నిజమని వాళ్ళకే తెలీదు.” కథ కీలకమంతా పిల్లాడు పట్టేశాడు.

కథ చెప్తాను, చివర మాత్రం చెప్పను. ప్రొటెక్టరేట్ అనే ఊరు ఉంది. పొగమంచు, బురద, మీద ఎప్పుడూ ఒక దిగులు. అడవిలో మంత్రగత్తె ఉందని, ఏటా ఆ ఏడు పుట్టినవాళ్ళలో అందరికన్నా చిన్న బిడ్డను ఇవ్వకపోతే ఊరిని నాశనం చేస్తుందని జనం నమ్ముతారు. బిడ్డను తీసుకెళ్ళి అడవిలో వదిలి వచ్చేది ఊరిపెద్దలు. ఆ పెద్దలకు తెలుసు, లేదా తెలుసని వాళ్ళనుకుంటారు, మంత్రగత్తె లేదని. జనం భయంతో అణిగిమణిగి ఉండడానికి వాళ్ళ ముందుతరాలు అల్లిన కథ అది. బిడ్డ చలికో, జంతువులకో పోతుందని తెలిసే వదిలేస్తారు.

అయితే మంత్రగత్తె నిజంగానే ఉంది. జ్యాన్ అని ఒక ముసలావిడ, వయసు 500 ఏళ్ళు. ఏటా అదే రోజున అదే చోట ఎవరో ఒక పసిబిడ్డను ఎందుకు వదిలేసి పోతున్నారో ఆవిడకు అర్థం కాదు. పాపం అనుకుని ఎత్తుకుని, దారిలో చుక్కల వెలుగు తాగిస్తూ అడవి అవతలి ఊళ్ళకు తీసుకెళ్ళి, పిల్లలు కావాలనుకునేవాళ్ళకు ఇచ్చి వస్తుంది. అటువాళ్ళకు ఇటు సంగతి తెలీదు, ఇటువాళ్ళకు అటు సంగతి తెలీదు. చదివేవాళ్ళకు మాత్రం రెండూ తెలుసు. ఒకసారి ఆవిడ పరధ్యానంలో ఆకాశంలోకి చెయ్యి చాపి, చుక్కల వెలుగు బదులు నిండు వెన్నెల తీసి బిడ్డకు పట్టేస్తుంది. చుక్కల వెలుగు తాగితే బిడ్డ చల్లగా ఉంటుంది, అంతవరకే. వెన్నెల అంటే అచ్చంగా మాయే. దాంతో ఆ బిడ్డను ఎవరికీ ఇవ్వలేక, లూనా అని పేరు పెట్టి తనే మనవరాలిగా పెంచుకుంటుంది.

మీవారు ఆగిపోయిన చోటికి ఒకసారి వెనక్కి వెళ్ళమనండి. మొదటి అధ్యాయం చాలా చిన్నది, అందులో ఒక తల్లి గొంతు మాత్రమే వినిపిస్తుంది. బిడ్డ ఏవో ప్రశ్నలు అడుగుతుంటుంది, ఆ ప్రశ్నలు మనకు వినబడవు, తల్లి చెప్పే జవాబుల్ని బట్టి ఊహించుకోవాలి. అవును, అడవిలో మంత్రగత్తె ఉంది, ఎప్పటినుంచో ఉంది, కుదురుగా కూర్చుంటే చెప్తాను, ఈ ధోరణిలో సాగుతుంది. ఇక్కడ రచయిత్రి చేసిన పని గమనించండి. ఊరిపెద్దల అబద్ధాన్ని మొదట మనకు చెప్పేది ఊరిపెద్దలు కాదు, బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లి. అబద్ధం ఊళ్ళో ఎలా బతుకుతుందో ఒక్క పేజీలో తేల్చేసింది. ఇలాంటి చిన్న అధ్యాయాలు మధ్యమధ్యలో మళ్ళీ వస్తాయి, కథనుబట్టి ఆ గొంతు మారుతుంటుంది.

వెంటనే వచ్చే దృశ్యం ఇంకా గట్టిది. పెద్దల్లో పెద్ద, గెర్లాండ్ అనే అతను బిడ్డను తీసుకెళ్ళడానికి ఒక ఇంటికి వస్తాడు. అతని దృష్టిలోనే చెప్తుంది రచయిత్రి. తన అంగీ గురించి, తన హోదా గురించి, ఈ పని త్వరగా ముగిస్తే బాగుండునన్న విసుగు గురించి. ఏటా తల్లులు ఏడుస్తారు, కానీ ఇచ్చేస్తారు. ఈ తల్లి ఇవ్వదు. బిడ్డను పట్టుకుని ఇంటి దూలాల మీదికి ఎక్కి కూర్చుంటుంది. తల్లి నుదుటి మీదా బిడ్డ నుదుటి మీదా ఒకేలాంటి నెలవంక మచ్చ. ఆమెను కిందికి లాగి, బిడ్డను తీసుకుని, పిచ్చిదని ముద్రవేసి గోపురంలో బంధిస్తారు. ఇదంతా చూస్తూ నిలబడ్డ కుర్రాడు ఒకడున్నాడు, ఆంటెయిన్, గెర్లాండ్ మేనల్లుడే. వాడు ఆ తల్లిని మరిచిపోలేకపోవడం దగ్గరే సగం కథ పుడుతుంది. రక్తం లేదు, చావు చూపించలేదు, అయినా పెద్దవాళ్ళకు కూడా గొంతు పట్టేస్తుంది. మీవారు ఇక్కడ ఆగారంటే రచన పనిచేసినట్టే కదండీ.

నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా గొప్పగా అనిపించింది మాత్రం వేరే చోట ఉంది. లూనాకు ఐదేళ్ళు వచ్చేసరికి మాయ అదుపు తప్పి అందరి మీదా పొంగిపొర్లుతుంటుంది. దాన్ని ఆపడానికి జ్యాన్ ఆ మాయనంతా పిల్ల లోపలే మూసి, పదమూడేళ్ళు నిండేవరకు తెరుచుకోకుండా కట్టుబాటు చేస్తుంది. ఈలోగా నెమ్మదిగా అన్నీ నేర్పుదామని ఆవిడ ఆలోచన. కానీ కట్టుబాటు మరీ బలంగా పడుతుంది. మాయ అన్న మాట వినబడితే చాలు, పిల్ల కళ్ళు శూన్యమైపోతాయి, విన్నది ఏదీ బుర్రలో నిలవదు. నేర్పుదామంటే వీల్లేదు. పైగా లూనా పెరిగేకొద్దీ ముసలావిడలోని మాయ కొంచెం కొంచెంగా తరిగిపోతూ, ఆవిడ నీరసించిపోతుంటుంది. ఆ సంగతి పిల్లకు చెప్పే దారి కూడా లేదు.

ఊరిపెద్దలు నిజం దాచింది స్వార్థంతో. ఈ అమ్మమ్మ దాచింది ప్రేమతో. రెండింటివల్లా నష్టపోయేది పిల్లలే. ఇంకో చిన్న ఉదాహరణ కూడా ఉంది, పిల్లలు బాగా నవ్వుకునేది. ఫిరియన్ అని అరచేతిలో పట్టేంత డ్రాగన్ ఒకటి వీళ్ళతో ఉంటుంది. వాడు తను బ్రహ్మాండమైన డ్రాగన్ననీ, చుట్టూ ఉన్నవాళ్ళంతా రాక్షసులంత పెద్దవాళ్ళు కాబట్టి తను చిన్నగా కనిపిస్తున్నాననీ నమ్ముతాడు. వాడి మనసు కష్టపెట్టడం ఇష్టం లేక ఇంట్లోవాళ్ళు అలా నమ్మించారు. నవ్వు కోసం పెట్టినట్టు కనిపించే ఈ పాత్ర కూడా అసలు విషయం మీదే నిలబడి ఉంది. దీన్ని ఒక మామూలు కథలో, అంటే ఒక ఊరు, ఒక ఇల్లు, పిల్లకు ఏదో జబ్బు గురించి చెప్పకుండా దాచిన అమ్మమ్మ, ఇలా రాయొచ్చు. చాలామంది రాశారు కూడా. కానీ మూడు రకాల దాపరికాన్ని ఒకే కథలో పక్కపక్కన పెట్టి, ఒక్క చోట కూడా ‘చూశారా పిల్లలూ’ అనకుండా చెప్పాలంటే మాయ ఉంటేనే కుదిరింది.

ఊరి మీద ఉన్న ఆ దిగులుకు కూడా కారణం ఉంది. మనుషుల దుఃఖాన్నే తిండిగా తిని బతికే మనిషి ఒకరు అక్కడున్నారు. ఏటా ఒక తల్లి ఏడిస్తే ఆ మనిషికి ఏడాది గ్రాసం. ఎవరన్నది మీ పాపే కనిపెట్టి మీకు చెప్పాలి.

అలాగని ఇందులో లోపాలు లేవా అంటే ఉన్నాయి. మధ్యలో వంద పేజీల దాకా నడక మందగిస్తుంది. ఒకరి తర్వాత ఒకరి దృష్టిలోకి మారుతూ, మనకు అప్పటికే తెలిసిన సంగతినే వాళ్ళు మళ్ళీ తెలుసుకుంటుంటే విసుగొస్తుంది. పిల్లలు ఈ పుస్తకం వదిలేస్తే సాధారణంగా అక్కడే వదిలేస్తారు. చివర్లో అందరూ ఒకే చోటికి చేరాక ముడులన్నీ కొంచెం తొందరగా విడిపోయినట్టు నాకనిపించింది. ఆ ఏడాది ఆనర్ బుక్స్‌గా, అంటే మెడల్ తర్వాతి వరసలో, నిలిచిన మూడింటిలో లారెన్ వోల్క్ ‘ఉల్ఫ్ హాలో’ కథ కట్టుదిట్టంలో దీనికన్నా ఒక మెట్టు పైనే ఉందని వాదించే లైబ్రేరియన్లు నాకు తెలుసు. అందులో మాయ ఏమీ లేదు. నేను ఆ వాదనలో ఇటువైపే ఉంటాను గానీ, అది తీసిపారేయదగ్గ వాదన కాదు.

ఫాంటసీకి ఈ అవార్డు దగ్గర ఎప్పుడూ ఇంత మర్యాద ఉండేది కాదు. 1922లో మొదటి మెడల్ మానవజాతి చరిత్ర చెప్పే లావుపాటి పుస్తకానికి వెళ్ళింది. 1953లో ఒక సంగతి జరిగింది, ఇప్పటికీ మా వృత్తిలో దాని గురించి చెప్పుకుంటాం. మాట్లాడే సాలీడు, పందిపిల్ల ఉన్న ‘షార్లెట్స్ వెబ్’ ఆ ఏడు బరిలో ఉంది. మెడల్ మాత్రం యాన్ నోలన్ క్లార్క్ రాసిన ‘సీక్రెట్ ఆఫ్ ది ఆండీస్’కు ఇచ్చారు. షార్లెట్ రెండో వరసలో ఆగిపోయింది. ఆ గెలిచిన పుస్తకాన్ని మా దగ్గర ఏడాదికి ఎవరైనా ఒకరు అడిగితే గొప్ప.

పదేళ్ళ తర్వాత, 1963లో మెడలిన్ లెంగిల్ ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’ గెలిచింది. మీవారికి చెప్పాల్సిన కథ ఇది. ఆ రాతప్రతిని 26 మంది ప్రచురణకర్తలు తిప్పి పంపారని ఆవిడే చెప్పుకునేది. ఇది పిల్లలకా పెద్దలకా, సైన్సా మాయా, ఏదీ తేలడం లేదని వాళ్ళ ఇబ్బంది. అందులో మెగ్ అనే అమ్మాయి, కళ్ళద్దాలు, కోపం, స్కూల్లో ఎప్పుడూ చీవాట్లు. తండ్రిని వెతుక్కుంటూ వేరే గ్రహానికి వెళ్తుంది. అక్కడ ఇళ్ళ ముందు పిల్లలు బంతులు కొడుతుంటారు, అన్ని బంతులూ ఒకేసారి నేలను తాకుతాయి, ఒకేసారి లేస్తాయి. ఒక్క పిల్లాడి బంతి మాత్రం లయ తప్పుతుంది, వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చి వాణ్ణి లోపలికి లాక్కుపోతుంది. అంతే. అందరూ ఒకేలా ఉండాలనే రాజ్యం ఎంత భయంకరమో పదేళ్ళ పిల్లకు చెప్పడానికి ఆ ఒక్క బంతి చాలింది. తర్వాత ఈ పుస్తకాన్నే లైబ్రరీల్లోంచి తీసేయమని అమెరికాలో బోలెడు ఫిర్యాదులు వచ్చాయి, మంత్రగత్తెలున్నారన్నది అందులో ఒకటి. అంటే మీ ఇంట్లో నడుస్తున్న వాదన కొత్తదేం కాదండీ.

ఆ తర్వాత 1969లో లాయిడ్ అలెగ్జాండర్, 1976లో సూసన్ కూపర్, 1985లో రాబిన్ మెకిన్లీ ఫాంటసీలకే గెలిచారు. 2004లో ఎలుకపిల్ల హీరోగా ఉన్న ‘ది టేల్ ఆఫ్ డెస్పరో’కు వచ్చింది. 2008లో స్కూల్ లైబ్రరీ జర్నల్‌లో అనీటా సిల్వీ ఒక వ్యాసం రాసి, న్యూబెరీ దారి తప్పిందా, పిల్లలు చదవని పుస్తకాలకు ఇస్తున్నారా అని గట్టిగా అడిగింది. సరిగ్గా తర్వాతి జనవరిలో శ్మశానంలో దయ్యాలు పెంచిన పిల్లాడి కథ, ‘ది గ్రేవ్‌యార్డ్ బుక్’ గెలిచింది. వ్యాసానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరూ నిరూపించలేరు, కమిటీ తలుపులు మూసుకునే ఉంటాయి కదా. బార్న్‌హిల్ పుస్తకం 2016లో వచ్చింది, 2017 జనవరిలో గెలిచింది. 2021లో టే కెలర్ ‘వెన్ యూ ట్రాప్ ఎ టైగర్’, కొరియా జానపద కథల్లోంచి పుట్టిన పులి ఉన్న నవల, గెలిచినప్పుడు ఫాంటసీకి ఇచ్చారేంటని నా దగ్గర ఎవరూ ఆశ్చర్యపోలేదు.

మన దేశం మాట కూడా ఒకటి చెప్పాలి. 1928లోనే కలకత్తా పావురం కథ ‘గే-నెక్’ రాసి ధన్ గోపాల్ ముఖర్జీ న్యూబెరీ గెలిచాడు. ఆయన బెంగాల్‌లో పుట్టి అమెరికా వెళ్ళి స్థిరపడ్డవాడు. మన పిల్లలకు ఈ పేరు తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఇక మాయలూ మంత్రాలూ మనకు పరాయివని మీవారు అంటే మాత్రం ఒప్పుకోకండి. ఆయన ఏ వయసువారో నాకు తెలీదు గానీ, ఇంట్లో పాత చందమామలు ఉండే ఉంటాయి. దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’ నెలనెలా ఎదురుచూసి చదివిన తరాలు మనవి. అప్పట్లో వాటి మీద రచయిత పేరు కూడా వేసేవారు కాదు. అవార్డు ఊసు ఎక్కడిది! సాహిత్య అకాడెమీ పిల్లల సాహిత్యానికి విడిగా బాల సాహిత్య పురస్కారం మొదలుపెట్టింది 2010లోనే, 50 వేల రూపాయలు, తామ్రఫలకం. తెలుగులో మొదటిది కలువకొలను సదానంద గారి ‘అడవితల్లి’ నవలకు వచ్చింది. ఈ పుస్తకాలు మీ ఊళ్ళో ఎన్ని షాపుల్లో దొరుకుతాయో ఒకసారి అడిగి చూడండి. అమెరికాలో ముద్ర పడ్డ పుస్తకాన్ని ప్రతి లైబ్రరీ కొనడం వల్లే ఆ అవార్డుకు అంత బలం. మన దగ్గర ఫలకం ఇచ్చాక పుస్తకాన్ని పిల్లల దగ్గరికి చేర్చే ఏర్పాటు ఏదీ అంత గట్టిగా లేదు.

చందమామ సీరియల్‌కూ బార్న్‌హిల్ పుస్తకానికీ ఒక తేడా ఉంది, అది ముందే తెలిస్తే మీ పాప తికమకపడదు. మన సీరియల్లో మాంత్రికుడు చెడ్డవాడైతే మొదటి నెలలోనే తెలిసిపోతుంది. బొమ్మలో గడ్డం, పుర్రెల దండ చూస్తే చాలు. ఇక్కడ ఎవరు మంచి, ఎవరు చెడు అన్నది అధ్యాయం అధ్యాయానికి మారుతుంది. పదకొండేళ్ళ వయసుకు అది సరిగ్గా సరిపోతుందని నా అనుభవం. తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకైతే ఒంటరిగా ఇవ్వను, పక్కన కూర్చుని చదివి వినిపించమంటాను. అధ్యాయాలు చిన్నవి, రాత్రి పడుకునే ముందు రెండు చదవడానికి బాగుంటాయి. 400కు కాస్త తక్కువ పేజీలు కాబట్టి ఒక సెలవుల కాలం పట్టొచ్చు.

ఇక భయం మాటకొస్తే, పసిబిడ్డల సంగతి పిల్లల్ని అంతగా కలవరపెట్టదు. బిడ్డలు క్షేమంగా ఉన్నారని రెండు మూడు అధ్యాయాల్లోనే తెలిసిపోతుంది. నేను జాగ్రత్త చెప్పేది వేరే రెండు చోట్ల. గోపురంలో బంధించిన తల్లి కాగితాలతో పక్షులు చేస్తుంది, అవి లేచి ఎగురుతాయి, ఒక చోట ఒక మనిషి ముఖాన్ని చీరేస్తాయి. సున్నితమైన పిల్లలకు ఆ పేజీలు కష్టం. రెండోది, లూనా అమ్మమ్మ కథ పొడుగునా నీరసించిపోతుంది. మీ ఇంట్లో ఈమధ్యే అమ్మమ్మనో నానమ్మనో పోగొట్టుకుని ఉంటే ఈ పుస్తకం ఆర్నెల్లు ఆగి ఇవ్వండి, లేదా చివరి అధ్యాయాలు కలిసి చదవండి. దత్తత తీసుకున్న పిల్లలు ఉన్న ఇళ్ళలో కూడా ముందు పెద్దవాళ్ళు చదవడం మంచిది. నాకు తెలిసిన ఒక తల్లి అలా చదివి, తర్వాత కూతురితో ఎన్నాళ్ళనుంచో వాయిదా వేస్తున్న మాట మాట్లాడానని చెప్పింది.

చదవడం అయ్యాక ‘ఏం నేర్చుకున్నావు’ అని మాత్రం దయచేసి అడగొద్దు. పిల్లలు వెంటనే స్కూల్ జవాబు ఒకటి చెప్పేసి తప్పించుకుంటారు. ‘ఫిరియన్‌కు నిజం ఎప్పుడు చెప్పాల్సింది?’ అని అడగండి. గంట మాట్లాడతారు. మీవారిని కూడా ఆ గంటసేపు అక్కడే కూర్చోమనండి.

మధ్యలో ఆపేస్తే ఆపేయనివ్వండి. ముద్ర ఉంది కదా అని బలవంతంగా చదివిస్తే ఆ ముద్ర ఉన్న ఇంకే పుస్తకమూ ముట్టదు. అలా ఆపితే ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’ ఇచ్చి చూడండి, సగం పొడవే ఉంటుంది, పరుగు కూడా ఎక్కువ. అసలు మాయే వద్దంటే ‘ఉల్ఫ్ హాలో’ ఉంది, కానీ అది దీనికన్నా బరువైన కథ, పన్నెండు నిండాక ఇవ్వండి.

కొనాలనుకుంటే పేపర్‌బ్యాక్ చాలు. బంగారు ముద్ర లేని కాపీ కనబడితే నకిలీ అనుకోకండి, మెడల్ రాకముందు అచ్చయినదై ఉండొచ్చు. వెండి రంగు ముద్ర ఉంటే అది ఆనర్ బుక్ అని అర్థం. షాపులో ఆ వరస కనబడితే వదలకండి, ఏటా మెడల్ పుస్తకం కన్నా పిల్లలు ఎక్కువ ఇష్టపడేది చాలాసార్లు అందులోనే ఉంటుంది.